నైరుతి మూల గ్రీన్‌హౌస్

నా ఉద్యోగం ఉష్ణోగ్రతలు రాయడం. మేడ్చల్ పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీ గోదాములో, చల్లగా ఉండాల్సిన సరుకు చల్లగా ఉందో లేదో రెండు గంటలకోసారి చూసి, రిజిస్టరులో అంకె వేసి, పక్కన సంతకం పెట్టాలి. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. నా సంతకం ఉన్నచోట ఇంతవరకూ ఏదీ చెడిపోలేదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరువాత చెబితే ఎవరూ నమ్మరు.

మాది కృష్ణా జిల్లా. గౌడవెల్లి దగ్గర పొలాల మధ్య వేసిన కాలనీలో ప్లాటు కొని ఇల్లు కట్టుకుని ఆరేళ్ళయింది. ఇప్పుడు ఆ పొలాలు లేవు, కాలనీల మధ్య మా కాలనీ ఉంది. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. కాలనీ వేసిన నేలలో చాలా భాగం ఒకప్పుడు వాళ్ళదే. అమ్మినప్పుడు రెండు ప్లాట్లు ఉంచుకుంటే కొడుకు ఇల్లు కట్టాడు. ఆ కొడుకు రియల్ ఎస్టేటులోనూ, కొంచెం రాజకీయంలోనూ ఉంటాడు; ఇంట్లో కంటే ఫ్లెక్సీల్లో ఎక్కువగా కనిపిస్తాడు. ఆవిడను మేము పెద్దమ్మ అంటాం. ఆవిడ మా ఆవిడను బిడ్డా అంటుంది, నన్ను మాత్రం సారు అంటుంది. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు వంటగది గుమ్మంలో నిలబడి, "గీ పొయ్యి కాడ్నే నా వంకాయ మడి ఉండె" అంది. నిష్ఠూరంగా ఏమీ కాదు. బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పినట్టు చెప్పింది.

మొన్నటి శివరాత్రి వెళ్ళిన వారంలో ఆవిడ చిన్న గుడ్డమూట ఒకటి పట్టుకుని వచ్చి నా ముందు కూర్చుంది.

"సారూ, నా మోకాలుకు ఆపరేషన్ జేస్తరంట. రెండు మూడు నెల్లు మెట్లెక్కొద్దంటున్నరు. గీ గింజలు నువ్వు నారు పొయ్యాలె."

మూట విప్పితే బూడిద, బూడిదలో గింజలు. అలా కలిపి ఉంచితే పురుగు పట్టదట.

"వంకాయ గింజలు. నేను కాపురానికొచ్చినేడు మా అత్త ఇచ్చింది. యేడాదికోపారి నారు వోసుడు, ఒక కాయ విత్తనానికి ఇడుసుడు, గిట్లనే నడిపిస్తున్న. పోయినేడు కోతులు విత్తనం కాయ గూడ తిన్నయి. ఇగ గింతే మిగిలినయ్."

వాళ్ళింట్లో నారు పోయడానికి చోటు లేదు. కార్లు నిలపడానికని ఈమధ్యనే ముంగిలంతా కొడుకు టైల్స్ పరిపించాడు. మేడ మీద మీటింగుల కోసం రేకుల షెడ్డు వేశాడు. ఆ ఇంట్లో మట్టి మిగిలింది తులసికోటలో మాత్రమే. నాకు వ్యవసాయం తెలియదు, పోయినేడు కొత్తిమీర కూడా మొలవలేదు అని ఆవిడకు చెప్పి చూశాను.

"మందులు కాపాడెటోడివి, గుప్పెడు గింజలు కాపాడవా?" అంది.

ఈ మాటకు నేను పడిపోయాను. పద్దెనిమిదేళ్ళలో నా ఉద్యోగాన్ని ఎవరూ అంత గౌరవంగా చెప్పలేదు. మూట తీసుకున్నాను. ఆవిడ లేచి వెళ్తూ, కాయ ఎలా ఉంటుందో చెప్పింది. లేతాకుపచ్చ మీద తెల్లచారలు, నూనె ఎక్కువ తాగదు, ఉడికితే వెన్నే. గుమ్మం దాటాక మళ్ళీ వెనక్కి వచ్చి, "కొన్ని మొండి గింజలుంటయి సారూ, జల్దీ లెవ్వయి. తొందరపడి మన్ను పారబొయ్యకు" అని హెచ్చరించింది.

ఆ రాత్రికే గింజలు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.

మా కాలనీలో మొక్కలు పెంచడమంటే కోతులకు వంట చేసిపెట్టడమే. శామీర్‌పేట అడవి వైపు నుంచి గోడల మీదుగా వస్తాయి. ఉదయం తొమ్మిదిన్నరకు మా వీధిలో ఉంటాయి; స్కూలు బస్సు కంటే నమ్మకం. కాలనీ సంఘం వాళ్ళు ఒకసారి బొమ్మ పులిని కొని ఒకరి నీళ్ళట్యాంకు మీద కూర్చోబెట్టారు. మొదటిరోజు కోతులు దూరం నుంచి చూశాయి. రెండోరోజు దగ్గర నుంచి చూశాయి. మూడోరోజు ఒక తల్లికోతి ఆ పులి వీపు మీద కూర్చుని పిల్లకు పేలు చూసింది. అందుకని నారు బయట పెట్టే ప్రశ్నే లేదు. తలుపున్న ఇల్లు కావాలి. ఇలా గ్రీన్‌హౌస్ ఆలోచన వచ్చింది.

మేడ మీద పెట్టుకునే చిన్న గ్రీన్‌హౌస్‌లు ఫోనులో చాలా రకాలు కనిపించాయి. నేల మీద బోర్లించే గూడు లాంటిది ఒకటి, మనిషి దూరే గుడారం ఒకటి, ఇనుప గొట్టాల అరల స్టాండుకి పైన ముసుగు తొడిగి జిప్పు పెట్టింది ఒకటి. ఆ మూడోదానిలో మళ్ళీ రెండు రకాలు. ఒకదానికి పారదర్శకమైన ప్లాస్టిక్ ముసుగు, ఇంకోదానికి ఆకుపచ్చ వల ముసుగు. నేను ఉద్యోగరీత్యా పద్ధతిగల మనిషిని. కాగితం మీద గళ్ళు గీసి, గొట్టం మందం, జిప్పు గట్టిదనం, అరల మధ్య ఎత్తు, కోతి పట్టుకు తట్టుకోవడం అని రాసి మార్కులు వేశాను. వారం రోజులు పట్టింది. అన్నిటికీ గడి ఉంది, లోపల ఎంత వేడెక్కుతుందన్న దానికి తప్ప.

కొన్నవాళ్ళు రాసిన అభిప్రాయాలు కూడా చదివాను. ఎవరో ఎక్కడో చలిదేశంలో ఉన్నావిడ, బయట మంచు కురుస్తున్నా లోపల హాయిగా వెచ్చగా ఉందని రాసి, స్వెట్టరు వేసుకుని దాని పక్కన నిలబడి ఫోటో పెట్టింది. ప్లాస్టిక్ ముసుగుకు ఆ ఒక్క ఫోటోతో రెండు మార్కులు పెరిగాయి. మేడ్చల్లో ఎండాకాలం ముందు డబ్బు పెట్టి వెచ్చదనం కొనుక్కునే మనిషి ఎవడైనా ఉంటాడా అన్న అనుమానం నాకు కలగలేదు.

కొనేముందు ఎందుకైనా మంచిదని శామీర్‌పేట రోడ్డు మీద నర్సరీకి వెళ్ళి, ఫోనులో బొమ్మ చూపించి ఆ నర్సరీ యజమానిని అడిగాను. ఆయన గొట్టంతో నీళ్ళు పడుతూనే చూశాడు.

"గిదేంది సార్? గీ ఎండలకు మనుషులే ఉడుకుతాండ్రు, ఇగ మొక్కలకు ప్లాస్టిక్ తొడుగుతవా? గ్రీన్ నెట్టు తీస్కపో. నాలుగు కట్టెలు పాతు, కట్టు. అయిపాయె."

"కోతులు నెట్టు చింపుతాయి కదండీ?"

"చింపితె మల్ల కట్టు."

ఆ జవాబు నాకు బొత్తిగా అశాస్త్రీయంగా తోచింది. గళ్ళ కాగితంలో అలాంటి పద్ధతికి చోటే లేదు. ఇంటికొచ్చి నాలుగరల ప్లాస్టిక్ ముసుగుదానికి ఆర్డరు పెట్టాను. మొక్కలు బయటికి కనిపిస్తాయి కదా అని మా ఆవిడ కూడా దానికే మొగ్గింది. ఎక్కడికి కావాలంటే అక్కడికి మోసుకుపోవచ్చన్నది దాని అన్నిటికంటే పెద్ద సుగుణమని పెట్టె మీద రాసి ఉంది.

ఆదివారం ఇద్దరం కలిసి బిగించాం. అంతా అయ్యాక గొట్టాలు కలిపే మూలబిళ్ళ ఒకటి మిగిలింది. అది ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు. పెద్దమ్మ ఆపరేషన్‌కు వెళ్ళేముందు ఒకసారి చూస్తానని, గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ మేడెక్కింది. చుట్టూ చూసి ఈశాన్యం మూల చూపించింది.

"గీడ వెట్టుండ్రి. పొద్దటెండ తల్గుతది. పగటీలి పన్నెండు దాటినంక మెట్ల రూము నీడొస్తది. మొక్కకు గంతకన్న ఏం గావాలె?"

అక్కడే పెట్టాం. ఆవిడ ఆసుపత్రికి వెళ్ళింది.

ఆ సాయంత్రం విజయవాడ నుంచి మా ఆవిడ అన్నగారు వీడియో కాల్ చేశారు. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాక ఆయన వాస్తు చదివారు. బయటివాళ్ళెవరూ అడగరు కాబట్టి బంధువుల ఇళ్ళ మీద ప్రయోగిస్తూ ఉంటారు. కొత్త వస్తువు చూపిద్దామని మా ఆవిడ ఫోను మేడ మీదకు తెచ్చింది.

"ఈశాన్యంలో గది కట్టారేంటి బావగారూ?" అన్నారాయన.

"గది కాదండీ. మొక్కల స్టాండు."

"కప్పుందా?"

"ఉంది."

"తలుపుందా?"

"జిప్పు ఉంది."

"కప్పూ తలుపూ ఉంటే గదే. ఈశాన్యం మూతపడిపోయింది. ఇంటి యజమానికి మంచిది కాదు. ఎత్తూ బరువూ నైరుతిలో ఉండాలి, తలుపు తూర్పుకి తిరగాలి. ఇది మీకు నేను చెప్పాలా?"

ఇంటి యజమానిని నేనే. మా ఆవిడ ఫోను పెట్టేసి నా వైపు ఒకసారి, గ్రీన్‌హౌస్ వైపు ఒకసారి చూసింది.

"పోర్టబులే కదండీ," అంది.

మోశాం. నైరుతిలో అప్పటికే నీళ్ళట్యాంకు ఉంది. ట్యాంకుకీ మెట్లగది గోడకీ మధ్య సరిగ్గా పట్టింది. తలుపు తూర్పుకి తిప్పితే అది గోడకు ఎదురైంది, మధ్య అడుగు సందు. అందులోకి పక్కకు తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని వెళ్ళాలి. గాలికి పడిపోకుండా, కోతులు లాగకుండా ఇనుపతీగతో ట్యాంకు కాళ్ళకు కట్టేశాను. దానితో మోసుకుపోగలిగే సుగుణం ముగిసింది. మా ఆవిడ గొట్టాలకు పసుపు రాసి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, జిప్పు దగ్గర నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. అప్పుడు మా ఇద్దరిలో ఎవరమూ సూర్యుడు ఎటు అస్తమిస్తాడన్నది ఆలోచించలేదు.

నారు ట్రేలో మట్టి నింపి వేసిన గింజలు పదిరోజులకు మొలవడం మొదలుపెట్టాయి. పందొమ్మిది వచ్చాయి. రెండాకుల నుంచి నాలుగాకులయ్యాయి. ప్రతి ఉదయం సందులో దూరి చూసి, ఆసుపత్రిలో ఉన్న పెద్దమ్మకు ఆమె కోడలి ఫోనుకి ఫోటో పంపేవాణ్ణి. ఒకసారి ఆవిడే మాట్లాడింది.

"ఎన్ని మొలిశినయ్ సారూ?"

"పందొమ్మిది పెద్దమ్మా."

"మిగిలినయి మొండియి. ఇడువకు. పందొమ్మిదంటె మస్తు. నాకు ఒక్కటి బతికితె సాలు."

ఇంట్లో ఎవరో ఒకరం ఉండేవాళ్ళం కాబట్టి పగలు జిప్పు సగం తెరిచి ఉంచి, కోతులు వస్తే కర్ర పట్టుకుని మేడెక్కేవాళ్ళం. ఒక్క గురువారం అలా కుదరలేదు. మా ఆవిడ నాగారంలో గృహప్రవేశానికి వెళ్ళింది. నాకు పగటి డ్యూటీ. బండి తీస్తుంటే ఎదురింటి గోడ మీద కోతులు వరసగా కూర్చుని నన్నే చూస్తున్నాయి. నేను మళ్ళీ మేడెక్కి, జిప్పు కింది దాకా లాగి, దాని చివర ఇనుపతీగతో బిగించి కట్టాను. వెళ్తూ వాటి వైపు ఒక చూపు కూడా చూశాను, ఏం చేస్తారో చేసుకోండి అన్నట్టు.

మధ్యాహ్నం రెండు గంటలకు గోదాములో ఉష్ణోగ్రత చూశాను. అంతా పరిమితిలోనే ఉంది. అంకె వేసి సంతకం పెట్టాను.

సాయంత్రం ఐదున్నరకు ఇంటికొచ్చాను. కోతులు గ్రీన్‌హౌస్ జోలికే రాలేదు. ముసుగు లోపలివైపంతా చెమట పట్టి ఉంది. తీగ విప్పి జిప్పు తెరిస్తే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి ముఖానికి కొట్టింది. పందొమ్మిది మొక్కలూ మట్టి మీద పడి ఉన్నాయి. ఒకదాన్ని వేలితో లేపితే వేలికి అంటుకుని వచ్చింది. ఉడికిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. యాభై రెండేళ్ళ మనిషిని, నారు ట్రే రెండు చేతులతో పట్టుకుని, గోడకీ గ్రీన్‌హౌస్‌కీ మధ్య అడుగు సందులో పక్కకు తిరిగి నిలబడి ఏడ్చాను. ఆ సందులో కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి కూడా లేవదు.

మన్ను పారబోయవద్దని ఆవిడ చెప్పిన మాట గుర్తుంది. పారబోయలేదు. దాచాను. ఇల్లు కట్టినప్పటి పెయింటు డబ్బా ఒకటి ఉంటే అందులోకి ట్రే బోర్లించి, ట్యాంకు వెనక ఎవరికీ కనిపించని చోటుకు నెట్టేశాను. మూడు నెలల పాటు మళ్ళీ అటు చూడలేదు.

మర్నాడు శామీర్‌పేట రోడ్డు నర్సరీకి వెళ్ళాను.

"ఏమాయె సార్, నీ ప్లాస్టిక్ ఇల్లు?" అన్నాడు యజమాని.

"బాగుంది. వంకాయ నారు కావాలి. ఆకుపచ్చ మీద తెల్లచారలు ఉండే రకం."

"గసొంటిది హైబ్రిడ్ల ఉన్నది. మంచిగ కాస్తది. ముండ్లు గూడ ఉండయ్, తెంపుకొనుడు అల్కగ ఉంటది. ఎన్ని గావాలె?"

"పందొమ్మిది."

ఆ లెక్కేమిటో ఆయన అడగలేదు. ఈసారి గ్రీన్ నెట్టు కూడా ఆయన దగ్గరే కొన్నాను. దాని గురించీ ఏమీ అనలేదు, అంత మంచివాడు. ఇంటికొచ్చి ప్లాస్టిక్ ముసుగు ఊడదీసి, గొట్టాల చట్రాన్ని ఈశాన్యానికి మోసి, నెట్టు కట్టి, మొక్కలు పెద్ద కుండీల్లో పెట్టాను. మిట్టమధ్యాహ్నపు ఎండకు అడ్డం కావాలంటే, సంగతి తెలియని పెద్దమ్మ కోడలు వాళ్ళింట్లోంచి పాత ఫ్లెక్సీ ఇచ్చింది. పెద్దమ్మ కొడుకు పండుగ శుభాకాంక్షలతో, చేతులు జోడించి, నవ్వుతూ మా వంగమొక్కల ముందు నిలబడ్డాడు. కోతులు పులికి భయపడలేదు గానీ ఆయనకు కొంచెం జంకాయి. విజయవాడ నుంచి వీడియో కాల్ వస్తే మా ఆవిడ వంటింట్లోంచి కదలడం మానేసింది.

"మీరే చెప్పండి పెద్దమ్మకి," అంది మా ఆవిడ మొదటిరోజే. "మీ బదులు నేను చెప్పను. అడిగితే అబద్ధమూ చెప్పను."

కొత్త మొక్కల ఫోటో తీసి పంపాను. అవతల్నుంచి బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది. దానితో గండం గడిచిందనుకున్నాను. మోకాలు నొప్పిలో ఉన్న మనిషికి ఇప్పుడు చెప్పడం బాగుండదు, ఇంటికొచ్చాక చెబుదాం అనుకున్నాను. ఇంటికొచ్చాక, కొంచెం నడిచాక చెబుదాం అనుకున్నాను. ఇలాంటివి నేను చాలా పద్ధతిగా అనుకోగలను.

మే నెలలో ఆవిడ కర్ర పట్టుకుని మేడెక్కింది. అప్పటికి కాయలు పడ్డాయి. స్టూలు వేస్తే కూర్చుని ఒక మొక్కను దగ్గరికి వంచి, ఆకు అడుగున బొటనవేలితో నిమిరింది. నేను కొడుకుగారి ఫ్లెక్సీ వైపు చూస్తూ నిలబడ్డాను.

"మంచిగ ఎదిగినయ్ సారూ," అంది చివరికి.

లేచి కాయలు కోసింది. కోసేముందు చీర కొంగు కుడిచేతి వేళ్ళకు రెండుచుట్లు చుట్టుకుంది. అది ఆవిడ శుభ్రత అనుకున్నాను. ఆ తరువాత ప్రతి వారం వచ్చేది, కొంగు చుట్టుకుని కోసుకునేది, సాయంత్రానికి స్టీలు డబ్బాలో కూర పంపేది. కూర బాగానే ఉండేది. మేమిద్దరం తలలు ఎత్తకుండా తినేవాళ్ళం.

వానలు ఇంకో వారంలో వస్తాయనగా ఒక ఉదయం ఆవిడ కాయలు కోయలేదు. అన్నిటికంటే పెద్ద కాయను వెతికి పట్టుకుని, రొంటిలోంచి ఎర్రదారం తీసి దాని తొడిమకు కట్టసాగింది.

"గీ కాయ ముట్టకుండ్రి సారూ. విత్తనానికి ఇడుస్తున్న. పండి పసుపుపచ్చగైనంక తెంపుత."

హైబ్రిడ్ కాయ గింజలు మళ్ళీ వేస్తే ఆ రకమే రాదని అప్పటికి నాకూ తెలుసు. ఆ డెబ్బై ఏళ్ళ చేతులు ఆ దారాన్ని మెల్లగా, ఒక ముడి మీద ఇంకో ముడి వేస్తుంటే నేను చూడలేకపోయాను.

"పెద్దమ్మా, ఇవి మీ మొక్కలు కావు," అన్నాను.

ఆవిడ ముడి బిగించడం పూర్తిచేసింది.

"ఎరుకే."

"ఎప్పట్నుంచి?"

"ఫోటువ జూశినప్పుడు అనుమానమొచ్చింది. ఈడికొచ్చి ఆకు వట్టినంక ఎరుకైంది. మా వంగశెట్టుకు ముండ్లుంటయి సారూ. ఆకుకు, తొడిమెకు, అంతట. ముట్టుకుంటె గుచ్చుతది."

"మరి ఇన్నాళ్ళూ కొంగు చుట్టుకుని కోశారు కదా?"

"నాకు ఎరుకైంది. యాభై ఏండ్ల అలవాటు, చెయ్యికెట్ల ఎరుకైతది?"

నన్నెందుకు అడగలేదని అడిగాను.

"నువ్వే జెప్తవని జూశిన. జెప్తలేవు. గీ దారం గడితెనన్న జెప్తవేమోనని ఇయ్యాల గట్టిన."

అప్పుడు అంతా చెప్పాను. నైరుతి మూల, తూర్పు తలుపు, గోడ మీద కోతులు, జిప్పుకు కట్టిన తీగ, రెండు గంటల సంతకం. ఆవిడ తల వంచుకుని విన్నది.

"ఒడియాలెండే కాడ నారు వెట్టినవా సారూ?" అంది.

నేను ఊకొట్టాను. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. ఆవిడ కర్ర మీద రెండు చేతులూ ఆనించి, పిట్టగోడ అవతల ఇళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.

"భూమి అమ్మిన్నాడు గూడ నేను ఏడ్వలె. గింజున్నది గదా అనుకున్న," అంది.

తరువాత లేచి, నా చెయ్యి పట్టుకోకుండా, ఒక్కొక్క మెట్టూ దిగి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కూర డబ్బా రాలేదు. వానలొచ్చాయి, ఆవిడ మాత్రం రాలేదు. మొక్కలకు కాయలు వేలాడుతున్నా మేం కోయలేదు. దారం కట్టిన కాయ పసుపుపచ్చగా పండి కింద పడింది. మా ఆవిడ రెండుసార్లు వెళ్ళి పలకరించి వచ్చింది. మంచిగా మాట్లాడింది, టీ ఇచ్చింది, మీ గురించి అడగలేదు అని చెప్పింది. పద్దెనిమిదేళ్ళ రిజిస్టర్లు అన్నీ తెచ్చి ఆవిడ ముందు పెట్టినా ఏం లాభం అనిపించింది.

ఆషాఢంలో ఒక ఆదివారం ట్యాంకు కడగడానికి వెనక్కి వెళ్ళాను. పెయింటు డబ్బా అక్కడే ఉంది. వానకు గడ్డి మొలిచి డబ్బా నిండిపోయింది. ఎలాగూ చూశాను కదా, ఇక పారేద్దాం అనుకుని, గడ్డి పీకడానికి గుప్పిట్లోకి పట్టుకుని లాగాను. చురుక్కుమంది.

చెయ్యి వెనక్కి తీసుకుంటే చూపుడువేలు మీద నెత్తురు బొట్టు. గడ్డి పక్కకు తీసి చూశాను. మధ్యలో జానెడు మొక్క. వెడల్పాటి ఆకు, ఆకు మధ్య ఈనె పొడవునా సన్నటి ముళ్ళు. నిజంగానే ముళ్ళేనా అని ఇంకోసారి ముట్టుకున్నాను. ఇంకో బొట్టు వచ్చింది. ఇది మొలిచింది నైరుతి మూలలోనే. ఈ సంగతి మా బావగారికి ఇంతవరకూ చెప్పలేదు.

డబ్బాను రెండు చేతులా పొట్టకు అదుముకుని మెట్లు దిగాను. వంటింట్లోంచి మా ఆవిడ ఏమిటండీ, ఏమైందండీ అంటోంది. చెప్పులు కూడా వేసుకోలేదు. పక్కింటి గేటు మోకాలితో నెట్టాను. పెద్దమ్మ వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటోంది. నన్ను చూసి నూనె చెయ్యి ఆపింది. డబ్బా ఆవిడ ముందు టైల్స్ మీద దించి, నెత్తురంటిన వేలు చూపించాను.

ఆవిడ ముందు నా వేలు చూసింది. తరువాత డబ్బాలోకి చూసింది.

"గుచ్చిందా బిడ్డా?" అంది.

నన్ను ఆ మాటతో పిలవడం అదే మొదలు. గుచ్చింది పెద్దమ్మా అన్నాను. ఆవిడ నూనె చెయ్యి చీరకు తుడుచుకుని ముందుకు వంగింది. ఈసారి కొంగు చుట్టుకోలేదు. ఉత్త చేత్తోనే ఆ ఆకును పట్టుకుని, గుచ్చేదాకా నొక్కింది.